మూడో నవల

గద్వాల గ్రంథాలయం చూసుకునే పెద్దమనిషి మంచి నవలలు తనవాళ్లకు దాచి, నాకెప్పుడూ అట్టలూడినవే అంటగట్టేవాడు. అది నేను మరువలేదు. ఆ వారం ఇచ్చిన మూడింట్లో రెండు చదివేశాను. రెండింట్లోనూ కథానాయిక జబ్బుచేసి చచ్చిపోయింది. పాఠకుణ్ణి ఏడిపించడానికి ఇంకో దారి తెలియని రచయితలు!

మూడోది కర్నూలు రైల్లో తెరిచాను. ఎదుటి బల్ల మీద ఒక తల్లి, జ్వరంతో కాలిపోతున్న కూతురి తల ఒడిలో పెట్టుకొని కూర్చుంది; పిల్లను దవాఖానకు తీసుకుపోతోంది.

“జర గట్టిగ సదువు నాయనా, మా పిల్ల ఇంటది” అంది.

చదివాను. కూతురు ఒకచోట నవ్వింది కూడా. ఇంతలో కథలోని పిల్ల మంచం పట్టింది.

“మళ్లీ అదే!” అని విసుక్కున్నాను.

తల్లి ముందుకు వంగి పుట మీద అరచెయ్యి పెట్టింది.

“ఆపు నాయనా. రోగమున్న పిల్ల చెవిల సావు మాట పడొద్దు.”

“సదవనియ్యే అమ్మా, ఏమైతదో తెల్వద్దా?” అంది కూతురు.

“తెల్వద్దు. రాసినోనికేంది, వాని బిడ్డనా?”

కూతురికి కునుకు పట్టాక చివరి పుట తిప్పి చూశాను. అక్కడా చావే.

కర్నూల్లో తల్లి ఆమెను భుజాన వేసుకొని దిగింది. ఆ భుజం మీదినుంచే కూతురు నన్ను అడిగింది.

“అన్నా, ఆ పిల్ల బతుకుతదా?”

“బతుకుతది చెల్లె” అన్నాను.

ఆ రచయితను ఇప్పటికీ క్షమించలేదు.