ఆరో నంబరు మంచం మీద క్రేన్

2022, వానాకాలం. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి, మగవాళ్ల మెడికల్ వార్డు. నేను అక్కడ నర్సుని. మగ నర్సుని ఏమని పిలవాలో ఈ ఊరికి ఇంకా తేలలేదు. బ్రదర్, కంపౌండర్, ఒక్కోసారి సిస్టర్ అని కూడా అంటారు. పలకడం అలవాటైంది.

షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఉంటుంది. అంటే, వెళ్లే నర్సు మంచం పక్కన నిలబడి, వచ్చే నర్సుకి రోగి సంగతి అప్పజెప్పడం. ఆ మధ్యాహ్నం పొద్దుటి షిఫ్టు సిస్టర్ నాతో, "ఛే నంబర్, బేవ్‌డా హై" అని ముందుకి కదిలింది. బేవ్‌డా అంటే తాగుబోతు. ఆరో నంబరాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నవాడికి చెవులూ మూతపడతాయని మా వృత్తిలో గట్టి నమ్మకం.

ఆయన పేరు అప్పలరాజు, మాలాగే ఈ ఊళ్లో స్థిరపడ్డ తెలుగాయన. ఉండేది భుయ్యాడీహ్ బస్తీలో, నడిపేది ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్. ఏళ్లనాటి తాగుడు ఒక్కసారిగా ఆగడంతో విత్‌డ్రాయల్‌లోకి వెళ్లాడు. చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి, ఫిట్స్ రావచ్చు. మధ్యలో ఇంటికెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. నేను మిగతా మంచాలు చూసి వచ్చేసరికి చెప్పులు వేసుకుని కూర్చున్నాడు.

"ఏటి బాబాయ్, ఎక్కడికి?"

"ఇంటికి. అక్కడా ఇదే మాటంతారు. కాకపోతే మంచం నాది."

"నువ్వయినా సెప్పు బాబూ, నా మాట ఇనడు," అంది ఆయన భార్య రమణమ్మ.

డాక్టరు వచ్చి ఇంజెక్షన్ రాసేలోపే ఆయన్ని భ్రమ కమ్మింది. కిటికీ నిండా వాన. చెప్పులతోనే మంచం మీద కూర్చుని గాలిలో క్రేన్ లివర్లు తిప్పడం మొదలుపెట్టాడు. మంచాల కింద సువర్ణరేఖ పారుతోందట. ఒక్కో మంచాన్నీ ఎత్తి ఒడ్డున పెడుతున్నాడు. ఆ తడి వెలుతురులో నేల కొంచెం పారుతున్నట్టు నాకూ అనిపించింది.

"కింద సిగ్నల్ ఇచ్చీవోడేడి? లోడు ఊగిపోతంది."

డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఇవ్వాలంటే ఆ చేతులు నిలవాలి. పైనున్న క్రేన్ ఆపరేటర్ కిందున్నవాడి నోటిని నమ్మడు, చేతిని నమ్ముతాడు. ఈ ఊళ్లో పుట్టినవాడికి ఆపాటి తెలుస్తుంది. ఎదురుగా నిలబడి, వేలు కిందికి చూపి మెల్లగా తిప్పాను.

"ఆపరేటర్ గారూ, దించండి. నెమ్మదిగా."

దించాడు. ఎంత జాగ్రత్తగా దించాడంటే, పక్క మంచం మీది రోగి ఊపిరి బిగబట్టాడు. ఇక ఆపమని అరచెయ్యి అడ్డంగా చాపాను. చేతులు ఆగాయి. నా తోటి నర్సు ఇంజెక్షన్ ఇచ్చేసింది. రమణమ్మ ఆయన కాళ్ల నుంచి చెప్పులు తీసి తన సంచిలో వేసుకుంది.

ఆ రాత్రి వచ్చే షిఫ్టుకి హ్యాండోవర్ నేనే ఇచ్చాను. "ఆరో మంచం. అప్పలరాజు గారు, క్రేన్ ఆపరేటర్. ఆల్కహాల్ విత్‌డ్రాయల్‌కి చికిత్స జరుగుతోంది."

"సీనియర్ ఆపరేటర్," అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

దిద్దుకున్నాను.

డాక్టరు వెళ్లమనేదాకా ఉన్నాడు. చెప్పులు మళ్లీ అడగలేదు. పిలుపు మార్చినంత మాత్రాన జబ్బు తగ్గదని నాకూ తెలుసు. మనిషి మంచం మీద ఉంటాడు, అంతే. మందు ఎంత మంచిదైనా ఖాళీ మంచానికి ఎక్కించలేం.