గోడకు ముక్కెక్కడుంది మేస్త్రీ?

మేస్త్రీ పోయాడని ఈ నెల మొదట్లో ఒక పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "అమ్మా, కాఫీ ఇచ్చేదానికి నాయిన్ని లేపినా. లేవలే," అంది. నేను ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళి, సున్నం తొట్టిలో నీళ్ళున్నాయా లేదా అని చూశాను. మనిషి పోయాడంటే చూడాల్సింది తొట్టి కాదని నాకూ తెలుసు. ఆ తర్వాత ఒర్లియంపేటలో వాళ్ళింటికీ వెళ్ళాను. కానీ ముందు చూసింది మాత్రం తొట్టినే. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బతికున్నన్నాళ్ళూ ఆయన్ని "నువ్వు" అన్నాను. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇప్పుడు "ఆయన" అని రాస్తున్నాను. మా ఇళ్ళలో పనివాళ్ళకు గౌరవం ఇలాగే, వాళ్ళు వినలేని చోటికి వెళ్ళాక అందుతుంది.

మా ఇంటిని ఊళ్ళో పెద్దిల్లు అంటారు. పెద్దరికం చూసి కాదు, పొడుగు చూసి. వాకిలి ఒక వీధిలో ఉంటే పెరటి తలుపు ఇంకో వీధిలో ఉంటుంది. మా ఆయన ముత్తాతకు పిళ్ళైచావడి వైపు వరి పొలాలు, కొబ్బరి తోట, సముద్రం దాకా సరుగుడు తోపులు ఉండేవి. ఆ భూముల తగాదాలకు కోర్టు చుట్టూ తిరగడానికి ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోని ఈ పట్నంలో ఒక మకాం కావాలని ఈ ఇల్లు కట్టించాడు. తగాదాల్లో భూములు పోయాయి, మకాం మిగిలింది. మా వంశ చరిత్ర అంతా ఈ రెండు వాక్యాలే. మిగతాది నేను ఒక నోటు పుస్తకంలో వివరంగా రాసిపెట్టాను. మనవలకు తెలుగు చదవడం రాదు కాబట్టి అది ఎవరి కంటా పడకుండా భద్రంగా ఉంది.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తగారు నన్ను కూడంలోకి, అంటే ఇంటి నడిమి హాల్లోకి, తీసుకెళ్ళి గోడ ముట్టుకోమంది. మండుటెండల్లో కూడా చల్లగా, కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంది. దగ్గరికెళితే నా నీడ కాదు, నా మొహమే కనిపించింది. "ఫ్రెంచి పనివాళ్ళు ఓడలో వచ్చి పూసిపోయినారు," అంది అత్తగారు. నేను నమ్మాను. నమ్మడమే కాక నోటు పుస్తకంలో రాశాను కూడా. చదువుకున్నవాళ్ళం, ఓడలో వచ్చిందంటే దేన్నయినా నమ్ముతాం.

ఆ గోడ బాగోగులు చూసేది మేస్త్రీ. అంతకుముందు ఆయన నాన్న. ఏటా వానలు వెనక్కి తగ్గాక వచ్చేవాడు. చెప్పులు అరుగు కింద విడిచి, తిన్నగా కూడంలోకి వెళ్ళి, గోడకు చెవి ఆనించి వేలి కణుపుతో తట్టేవాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా అలా విన్నాకే నా వైపు తిరిగేవాడు. "బాగుండాదమ్మా," అనేవాడు. గోడ సంగతి. నేనెలా ఉన్నానని ఒక్క ఏడు కూడా అడగలేదు. అడిగితే నేను చెబుతానని భయం కాబోలు.

ఆ గోడను పాడుచేసింది నేనే. వేరే ఎవరి మీదా తోయడానికి లేదు. మనవరాలి పెళ్ళి కూడంలోనే చేద్దామనుకున్నాం. గోడ అడుగున మోకాలెత్తు దాకా పూత రాలుతోంది. మేస్త్రీ మూడు నెలలు గడువడిగాడు. మా మరిది తీసుకొచ్చిన ఇంజనీరు నాలుగు రోజుల్లో సిమెంటు పూయిస్తానన్నాడు. పెళ్ళి మూడు వారాల్లో ఉంది.

"సిమెంటు వద్దమ్మా. సున్నం గోడకి సిమెంటు పూస్తే ఊపిరాడదు," అన్నాడు మేస్త్రీ.

"గోడకు ముక్కెక్కడుంది మేస్త్రీ?" అన్నాను. ఇంజనీరు నవ్వాడు. మరిది నవ్వాడు. నా మాటకు నేనే మురిసిపోయాను.

మేస్త్రీ తాపీ తుడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మా వీధి తొక్కలేదు.

పెళ్ళి ఫొటోల్లో గోడ చక్కగానే ఉంది. మరుసటి ఏడు ఐప్పసి వానలకు, అంటే దీపావళి నెల వానలకు, చెమట పట్టడం మొదలైంది. నేలలోంచి ఎక్కిన తేమ సిమెంటును దాటి బయటికి రాలేక లోపల్లోపలే పైకి పాకింది. ఉప్పు పూసింది. అటు మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం, మేం భోజనాల దగ్గర కూర్చుని ఉండగా, సిమెంటు పలక ఊడి దబ్బున పడింది. పడుతూ పడుతూ వెనకున్న పాత పూతను కూడా చాపంత మేర లాక్కుపోయింది. అదే ఇంజనీరు వచ్చి, అదే పెన్నుతో గోడను పొడిచి చూసి, ఇది పనికిరాదు, పడగొట్టాలన్నాడు. మా మరిది మొహం వెలిగింది. ఊళ్ళో పాత ఇళ్ళన్నీ వరుసగా హోటళ్ళవుతున్న రోజులవి. హోటలు పెట్టే ఒకాయన అప్పటికే మా ఇంటిని రెండుసార్లు చూసి వెళ్ళాడు. "ఎలాగూ పడగొట్టేదే కదా వదినా, దీపావళి లోపల ఆయనకు సరే అని చెప్పేద్దాం," అన్నాడు మరిది. కూడం పోతే ఆ ఇంట్లో మిగిలేది ముందొక వాకిలి, వెనకొక వాకిలి.

మర్నాడు ఒర్లియంపేటకు వెళ్ళాను. యాభై ఏళ్ళలో మొదటిసారి. సందు తెలియక ఇద్దరినడిగాను. మేస్త్రీ మెట్టు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. కూతురు పీట తెచ్చి వేసింది.

"ముక్కు యాడుందో కనిపించిందా అమ్మా?" అన్నాడు.

"కనిపించింది. జలుబు చేసింది దానికి," అన్నాను.

ఆయన నూనె గిన్నె పక్కన పెట్టి పకపకా నవ్వాడు. క్షమించమని నేను అడగలేదు, క్షమించానని ఆయన అనలేదు. "రేపొస్తాం," అన్నాడు. కూతుర్ని కలుపుకుని.

వచ్చి, గోడకు చెవి ఆనించాడు. ఈసారి చాలాసేపు విన్నాడు. "పానముండాది," అన్నాడు. మా మరిది అక్కడే ఉన్నాడు. "ఏంది మేస్త్రీ, ఇంజనీరు కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు.

"ఆమా సామీ, ఆయనకి చానా తెలుసు. నాకు ఈ గోడొకటే తెలుసు."

సోలై నగర్ వైపు నుంచి సముద్రపు గుల్ల వచ్చింది. దాన్ని కాల్చి తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే, మా పెరడంతా బుసలు కొట్టింది. నెలన్నర నానబెట్టి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి, మేస్త్రీ కూతురు రోట్లో వెన్నలా రుబ్బేది. చివరి పూతకు తెల్లసొన. పచ్చసొన పారేయడానికి నాకు మనసొప్పక వారం రోజులు రకరకాలుగా వండాను. ఎనిమిదో రోజు మా మరిది తనంతట తానే వాళ్ళ అత్తగారి ఊరు వెళ్ళాడు. ఆ సున్నం వల్ల నాకు జరిగిన లాభాల్లో అదొకటి.

సిమెంటు గీకేటప్పుడే ఒక రోజు మేస్త్రీ నన్ను కేకేశాడు. పాత పూత అడుగున, మొదటి మెత్తు మీద తాపీ గీతలు కనిపిస్తున్నాయి. "ఇట్ట చూడు. గీతలన్నీ ఎడమకి వాలుండాయి. కుడిచెయ్యోడు గీస్తే ఇట్ట రావు. మా జేజినాయన ఎడమచెయ్యోడు. వాళ్ళ నాయిన కూడా."

నేను లోపలికెళ్ళి నోటు పుస్తకం తెచ్చాను. ఫ్రెంచి పనివాళ్ళ వాక్యం కొట్టేసి, "ఈ గోడ పూసింది ఒర్లియంపేట మేస్త్రీల వంశం వాళ్ళు, ఎడమచేతి వాటం" అని రాశాను. ఆయనకు అక్షరం రాదు. చదివి వినిపించమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. రెండోసారి విన్నాక, "సరి," అని మళ్ళీ గీకడానికి కూర్చున్నాడు. ఆ రోజు టీ తాగడం మరిచిపోయాడు.

పూత ఆరీ ఆరకముందే గుండ్రాయితో రుద్దాలి. అరచేతిలో ఇమిడే నల్లటి రాయి. మూడు తరాల చేతుల్లో అరిగి చింతగింజలా నున్నగా ఉండేది. దీపావళికి వారం ముందు నన్ను గోడ ముందు నిలబెట్టాడు.

"మొగం కనిపిస్తాందా?"

"కనిపిస్తోంది. ముసలిదెవరో."

"అది గోడ తప్పు కాదమ్మా."

మా మరిది తిరిగి వచ్చి, గోడ చూసి, చేత్తో తడిమి, హోటలాయనకు తనే ఫోన్ చేసి కుదరదని చెప్పాడు. నాకు మాత్రం చెప్పలేదు. మా వంశంలో ఓడిపోయినవాళ్ళు ఎప్పుడూ కోర్టులోనే ఒప్పుకున్నారు, ఇంట్లో కాదు.

తూర్పు తలుపు పక్కన రెండు జానల వెడల్పు మాత్రం మిగిలింది. సున్నం చాల్లేదు. మేస్త్రీ మళ్ళీ గుల్ల నానబెట్టాడు. త్వరగా పూసెయ్యమని నేను సతాయించాను.

"సుమ్మా ఉండమ్మా. ముదరనీ. సున్నం ముదిరేకొద్దీ మెత్తనవతాది. మనుసులే గట్టిపడేది," అన్నాడు. మనుషులంటే ఎవరో పేరు చెప్పలేదు, కానీ చూసింది నన్నే. వెళుతూ వెళుతూ, "నీళ్ళు తగ్గనీయొద్దు. ఎండిందంటే రాయే," అన్నాడు. నిరుడు ఆయన మా ఇంట్లో అన్న చివరి మాట అది. ఈ ఏడు వానలు తగ్గాక వచ్చి పూస్తానని అంతకుముందే అన్నాడు.

కర్మలయ్యాక కూతురు వచ్చింది. తండ్రి తువ్వాలులో చుట్టిన గుండ్రాయి తెచ్చింది. కూడంలో గోడకు చెవి ఆనించింది. వేలి కణుపుతో తట్టింది. నేను పీట తెచ్చి వేశాను.

"నాకు రుబ్బేది బాగా వస్తాది. పూసేది కొంచెం కొంచెం. చెయ్యి కుదరకుంటే గీకి మళ్ళా పూస్తా. తిట్టకుండా ఉంటావా అమ్మా?"

"మాటివ్వలేను. నోరు మూసుకోవడానికి చూస్తాను."

వానలు తగ్గాక మొదలుపెడతానంది. అందాకా రోజూ పొద్దున చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి తొట్టిలో పోస్తున్నాను. పోసినప్పుడు తెల్లగా కదులుతుంది. కాసేపాగితే అడుక్కు దిగుతుంది, పైన నీళ్ళు తేరుకుంటాయి. వేలు ముంచి చూస్తాను. నిన్నటి కంటే మెత్తగా ఉంది.