ఫాంటు ఉచితం, పేరు కాదు

మా అమ్మ చేతిరాత చూసి నేనొక తెలుగు ఫాంటు గీశాను. మదనపల్లెలో నా డీటీపీ అంగడిలో, గిరాకీ లేనప్పుడల్లా ఒక్కో అక్షరం గీస్తూ పోతే రెండేళ్లు పట్టింది. దానికి అమ్మ పేరే పెట్టి, ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద నెట్‌లో వదిలేశాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: మార్చినవాళ్లు అమ్మ పేరు తీసేసి తమ పేరేదైనా పెట్టుకోవాలి.

ఒకరోజు మధ్యాహ్నం, ఫాంటుతో పాటు నేను పెట్టిన నంబరు చూసి, కుప్పం నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. ఒకటో తరగతి పిల్లలకని ఊళ్ల పేర్లతో కార్డులు అచ్చు వేయించిందట.

"ఏంది మేడమ్ ఇది? మదనపల్లె అని కొడితే మదనపలె అని పడతాండాది. చౌడేపల్లె కూడా అంతే. మీ ఫాంటుకు చదువు రాదా? ఇంక మాకొద్దు."

ఫోన్ స్పీకర్లో ఉంది. నా పక్కనే అన్నం తింటున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "నా రాతలో వత్తు యాడికి పోయిందే?" అంది చిన్నబోయి. నేను గీసినదాంట్లో ల వత్తు ఉంది; ఎవరో దాన్ని తీసేసి, అమ్మ పేరు మాత్రం అట్లే ఉంచారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా చుట్టుపక్కల సగం ఊళ్ల పేర్లు పల్లెతోనే ముగుస్తాయి, ఆ సగం ఊళ్లకీ మా అమ్మ పేరు మీద తప్పులు!

ఆ ఫాంటు ఎవరిచ్చారని టీచరమ్మనే అడిగితే, పుంగనూరులో ఫ్లెక్సీలు వేసే ఆయన ఇచ్చాడని చెప్పింది. ఉచితంగా ఇచ్చానంటే దిక్కులేనిదనా అర్థం? బస్సెక్కాను.

ఆయన దాచనైనా లేదు. "ల వత్తు మరీ కిందికి వేలాడతాండాదమ్మా, ఫ్లెక్సీలో కింది వరస మీద పడతాండాది. లేపేసినా. ఫ్రీ అని నువ్వే రాస్తివి గదా, ఇప్పుడొచ్చి కొట్లాడతావేంది?"

"అక్షరాలు నీకిచ్చేసినానప్పా. కోసుకో, వంచుకో, నేనడగను. మా అమ్మ పేరు నీకెప్పుడిచ్చినా?"

"ఉత్త పేరే గదమ్మా!"

"ఉత్తదే అయితే మార్చు. నీ అంగడి పేరు పెట్టుకో."

సరేనని మౌసు పట్టుకున్నాడు. అంతలోనే ఆగి, "మా అంగడి పేరు పెడితే, తప్పులు పడినప్పుడు జనం నన్ను తిట్టరా?" అన్నాడు.

"ఇన్నాళ్లూ తిట్లు తింటాండేది మా అమ్మ!" అని అరిచాను. బయట నిలబడినవాళ్లు తొంగి చూశారు. చూడనీ. కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చున్నాను, పేరు మారేదాకా లేచేది లేదని చెప్పి.

ఆయన ఫాంటు తెరిచి, ముందు ల వత్తును మొదట ఉన్నచోటే తిరిగి పెట్టాడు. ఆ తరువాతే తన అంగడి పేరు కొట్టాడు.