బాలస్వామి దాచిన నూనె

జాకీ రాడ్డు సామ్యేలు తల మీద పడ్డప్పుడు వచ్చిన చప్పుడు, బాలస్వామి ముప్పై ఏళ్లుగా క్వారీలో విన్న ఏ చప్పుడులాగానూ లేదు. బండ పగిలితే ఎదుటి గుట్ట జవాబు చెప్తుంది. ఇది పగిలాక ఏదీ మాట్లాడలేదు. తెల్లటి రాతిపొడి మీద ఎర్రగా ఒక దారి పుట్టి, మెల్లగా నడిచి, టిప్పర్ టైరు కిందికి వెళ్లి ఆగింది. రాడ్డు పట్టుకుని నిలబడ్డవాడు బాలస్వామి కొడుకు హరీశ్. ఇద్దరూ టిప్పర్ డ్రైవర్లే. లోడింగుకు ఎవరి టిప్పర్ ముందు పెట్టాలన్నదే గొడవ.

ఇబ్రహీంపట్నం అవతల ఆ క్రషర్‌లో బాలస్వామి పదిహేనో ఏట కూలికి చేరాడు. సమ్మెట కొట్టాడు, బండల రంధ్రాల్లో మందు కూరాడు, ఎడమ చెవిని పేలుళ్లకు ఇచ్చేశాడు. వయసులో అతని చెయ్యి కూడా మంచిది కాదు. కల్లు కాంపౌండ్‌లో ఒకడి దవడ విరిచాడు. ఇంట్లో భార్య యమునను కొట్టేవాడు. ఆమె జ్వరంతో పోయాక ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుడికి తీసుకొచ్చాడు. అప్పటి ముసలి ఫాదర్ దానికి గంట తాడు పట్టించాడు. తర్వాత అతన్ని ఉపదేశిని చేశాడు. ఇరవై ఏళ్లుగా ఆదివారం పూజకు గంట కొట్టేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే ఫాదర్ వెంట దీవించిన తైలం డబ్బీ పట్టుకుని నడిచేదీ అతనే.

ఆ తైలమంటే వాడకట్టు మొత్తానికి భయం. ఫాదర్ దాన్ని నుదుటికి రాశాడంటే ఇక ఆ మనిషి పోయినట్టే అనుకుంటారు. డబ్బీని చూసి తలుపులు మూసుకున్న ఇళ్లున్నాయి. అందుకే బాలస్వామి ఏటా పిల్లలను చాప మీద వరసగా కూర్చోబెట్టి చెప్పేవాడు.

"అరేయ్, గది సావు నూనె కాదు. బలమిచ్చే నూనె. ఏం నూనె?"

"బలమిచ్చే నూనె!"

అలా గొంతు చించుకున్న పిల్లల్లో ఒకప్పుడు సామ్యేలు కూడా ఉన్నాడు.

ఇప్పుడు సామ్యేలు ఎల్బీనగర్ వైపు ఒక దవాఖానలో నోట్లో గొట్టంతో పడుకుని ఉన్నాడు. మెదడు చచ్చుబడిపోయిందనీ, యంత్రం నెట్టే గాలికే ఛాతీ లేస్తోందనీ డాక్టర్లు చెప్పారు. హరీశ్ జైల్లో ఉన్నాడు. వకీలు కోర్టు మెట్ల మీద బాలస్వామికి రెండే ముక్కలు చెప్పాడు: "వానికి ఊపిరున్నంతసేపు హత్యాయత్నం. పోయిందనుకో, మర్డర్."

ఆ రోజు నుంచి గుడిలో సామ్యేలు కోసం బాలస్వామి అంత గట్టిగా ప్రార్థించినవాళ్లు లేరు. "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అన్నప్పుడు మెడనరాలు ఉబ్బేవి. కొడుకు చేసిన పనికి ఎంత కుమిలిపోతున్నాడో అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అతను మొక్కుతున్నది ఒక యంత్రానికి అని అతనికొక్కడికే తెలుసు.

సామ్యేలు తల్లి కృపారాణి బస్టాండు దగ్గర చేపలు అమ్ముతుంది. పంతొమ్మిదో రోజున ఆమె ఇప్పటి ఫాదర్ రాయప్ప దగ్గరికి వచ్చింది. గొట్టం తీయడానికి డాక్టర్లు సంతకం అడుగుతున్నారు. పెడితే కొడుకును తానే చంపినట్టవుతుందా? ఫాదర్ గుంటూరు వైపు నుంచి వచ్చిన బక్కపలచని మనిషి. "ఆదివారం ప్రసంగంలో చెప్తానమ్మా. ఇది అందరూ వినవలసిన మాట" అన్నాడు.

ఆదివారం ఎండ రేకుల మీద కాగుతోంది. ఫాదర్ బలిపీఠం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నరహత్య చేయకూడదు. మంచాన పడ్డవాడికి విషమిచ్చినా హత్యే. అన్నం, నీళ్లు మాన్పించి చంపినా హత్యే. అయితే దేవుడు పిలిచినవాణ్ని యంత్రంతో పట్టి లాగమని మన కతోలిక తిరుసభ ఎక్కడా చెప్పలేదు. ఇక బాగుచేయలేని వైద్యాన్ని ఆపడం చంపడం కాదు. ఆపిన తల్లి చేతికి రక్తం అంటదు. ఆ రక్తం కొట్టిన చేతిదే."

ఆ చివరి మాటకు ముందు వరసలో కూర్చున్న బాలస్వామి తల దించుకున్నాడు. వెనక నుంచి అతని అన్న కాశయ్య లేచాడు. క్రషర్‌లో ఇరవైమంది కూలీలను ఒక్క కేకతో కదిలించే మనిషి.

"ఏం ఫాదర్, మా పోరన్ని ఉరి తీయనీకి ఇక్కడ్నుంచే సంతకం పెడుతున్నవా? గుడి అనుకున్నవా, కోర్టనుకున్నవా?"

"కూర్చో కాశయ్యా, పూజ అవనివ్వు."

"ఊపిరి తీయుమని చెప్పే నోటికి పూజెందుకు?"

కాశయ్య కుర్చీలను తన్నుకుంటూ వచ్చాడు. పిల్లలు అరిచారు. ఒక ముసలామె కింద పడింది. ఎవరో కాశయ్య చొక్కా పట్టుకుంటే వెనక్కి చూడకుండా మోచేత్తో ముక్కు మీద గుద్దాడు. బలిపీఠం పక్కనున్న ఇత్తడి దీపస్తంభాన్ని పెరికి విసిరాడు. అది ఫాదర్ కనుబొమ్మను చీల్చుకుంటూ పోయి గోడకు తగిలింది. తెల్లటి పూజవస్త్రం మీద ఎరుపు పూసింది. ఫాదర్ మోకాళ్ల మీద పడ్డాడు. కాశయ్య మళ్లీ చెయ్యెత్తాడు.

బాలస్వామి చెయ్యి ఇరవై ఏళ్ల నిద్ర నుంచి లేచింది. అన్న దవడ మీద ఒకే దెబ్బ. కాశయ్య నోట్లోంచి పన్ను ఊడి గచ్చు మీద బియ్యపు గింజలా దొర్లింది. ఆ దెబ్బ ఎంత తియ్యగా ఉందో తెలిసి బాలస్వామి ఆ చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ కొడుకు కోసం కొట్లాడుతుంటే నన్నే కొడతవ్‌రా, బాలిగా?" కాశయ్య రక్తం ఉమ్మాడు. ఇద్దరు ముగ్గురు కలిసి అతన్ని బయటికి ఈడ్చుకుపోయారు.

ఫాదర్ తలకు తువ్వాలు చుట్టించుకుని పూజ ముగించాడు. తర్వాత, "ఉపదేశిగారూ, తైలం తీసుకురండి. దవాఖానకు పోదాం" అన్నాడు.

బాలస్వామి గుడి వెనక గదిలోకి వెళ్లాడు. బీరువా తెరిచాడు. బొటనవేలంత డబ్బీ. ఇన్నేళ్లూ పిల్లలకు తాను చెప్పిన పాఠం ఆ గదిలోకి అతని వెంట రాలేదు. ఇది అంటితే సామ్యేలు పోతాడు, అంటకపోతే పోడు. ఒంట్లో ప్రతి ఎముకా అదే అంటోంది. డబ్బీని లుంగీ మడతలో దోపుకున్నాడు.

"దొరుకుతలేదు ఫాదర్" అని గదిలోంచే కేకేశాడు.

గుమ్మంలో కృపారాణి నిలబడి ఉంది. ఆమె చూపు అతని నడుము మీదే ఉంది.

"అన్నా, చిన్నప్పుడు నా కొడుక్కి నువ్వే చెప్పినవ్, గది బలమిచ్చే నూనె అని. ఇంటికొచ్చి ఇల్లంత ఎగురుకుంట చెప్పిండు. గిప్పుడు వాని బలం నీ లుంగీల దోపుకున్నవా?"

అతని పిడికిలి బిగిసింది. ఆమె దాన్ని చూసింది, కదల్లేదు.

"కొడతవా? కొట్టు. మీ ఇంట్ల అందరికి అలవాటే. నీ కొడుకు జైల్ల మురగాలె, నేను గదే కోరుకుంట. రోజు కోరుకుంట. గాని నా కొడుకు ఛాతి గట్ల ఎగురుతుంటే చూసినవా ఒక్కసారన్న? పంపు కొట్టినట్టు కొడుతున్నరు వాన్ని. నీ వాన్ని కాపాడనీకి నా వాన్ని ఎన్ని దినాలు కొట్టిపిస్తవ్?"

బాలస్వామి పిడికిలి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక్కొక్క వేలూ విడిపడింది. డబ్బీ తీసి ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"నువ్వే పట్టుకొని రా. నీ పని గది."

ముగ్గురూ ఆటోలో బయలుదేరారు. తుర్కయాంజాల్ దాటేసరికి ఫాదర్ తువ్వాలు మీద రక్తం నల్లగా ఆరింది.

దవాఖానలో కొవ్వొత్తి వెలిగించనివ్వలేదు. సామ్యేలు ముఖం ఉబ్బి ఎవరిదో ముఖంలా ఉంది. బాలస్వామి డబ్బీ మూత తిప్పాడు. ఫాదర్ బొటనవేలు ముంచి నుదుటి మీద, తర్వాత రెండు అరచేతుల్లో సిలువ గుర్తు వేసి ప్రార్థన చదివాడు. చివర "ఆమెన్" అనవలసింది ఉపదేశి.

యంత్రం గాలి నెట్టింది. లాగింది. మళ్లీ నెట్టింది. ఫాదర్ కళ్లెత్తి చూశాడే గాని అడగలేదు.

ఆ మాట తర్వాత తన కొడుకు పేరు హంతకుడని మారిపోతుంది. బాలస్వామి తడి నుదుటిని చూశాడు. చాప మీద కూర్చుని గొంతు చించుకున్న పిల్లవాడి నుదురే అది.

"ఆమెన్" అన్నాడు.

కృపారాణి సంతకం పెట్టింది. నర్సు మీట దగ్గరికి వెళ్లింది. అప్పటిదాకా బాలస్వామి చెవిటి చెవి యంత్రం వైపు ఉంది. అతను మంచం చుట్టూ నడిచి అవతలికి వెళ్లి, వినబడే చెవిని దానివైపు పెట్టి నిలబడ్డాడు.