కాసినో బస్సు పెద్దమ్మ

పోయిన వారం మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చింది. ఎవరో ఆడపిల్ల. "కువైత్ పాపేనా మాట్లాడేది?" అని అడిగింది. రాంగ్ నంబరని పెట్టేయబోయాను. మనవళ్ళను ఎత్తుకునే వయసులో నన్ను పాప అనేవాళ్ళు ఎవరుంటారు? ఆ పిల్ల వదల్లేదు. "మా అవ్వ ఫోన్లో మీ నంబరు అట్లనే ఉండాదండీ. అవ్వ పోయింది. పొద్దున్నే మట్టి చేసినాం," అంది. అప్పుడు అర్థమైంది. రాయచోటి పెద్దమ్మ చనిపోయింది. ఏం జబ్బు చేసింది, ఎవరు దగ్గరున్నారు అని అడగాలి కదా. నేను మాత్రం "అన్నం తినిందా?" అన్నాను. ఎవరి గురించి అడిగానో నాకే తెలియదు. ఆ పిల్లకూ తెలియలేదు, తిన్నామండీ అంది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మాది రాజంపేట పక్కన పల్లె, ఆమెది రాయచోటి. వాళ్ళు ముస్లింలు, మేం కాదు. కువైత్‌లో, అర్దియాలో, ఇద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం. ఆమె వంట, నేను పిల్లల పని. యజమానురాలిని మామా, అంటే అమ్మా, అని పిలవాలని ఆమే నేర్పింది. అరబ్బీలో చెప్పింది అర్థం కాకపోతే తల ఊపకూడదని, ఊపితే ఆ పని మన నెత్తినే పడుతుందని కూడా ఆమే చెప్పింది. పొయ్యి మీద అన్నం ఉడకడం ఆలస్యమైతే అన్నాన్నే తిట్టేది. "నీకేం తొందర, నువ్వు షేకు కూతురివి గదా," అనేది. నేను నవ్వితే నాకూ రెండు పడేవి.

శుక్రవారం మధ్యాహ్నం మామా వాళ్ళంతా తాతగారింటికి పోయేవాళ్ళు. ఆ కాసేపూ మాది. కువైత్‌లో జూదం ఆడనివ్వరు. సముద్రం ఒడ్డున, షర్క్ దాటాక, ఒక పెద్ద టీ హాలు ఉండేది. దాన్నే అందరూ కాసినో అనేవాళ్ళు. చల్లటి ఏసీ, డామినో ఆడే బల్లలు, ఒక మూల క్యారమ్స్. జనాన్ని రప్పించుకోవడానికి శుక్రవారాలు వాళ్ళే ఊరికే బస్సులు నడిపేవాళ్ళు. ఒకటి అర్దియా వైపు నుంచి, ఒకటి మంగఫ్‌లో కూలీల క్వార్టర్ల నుంచి. మా ఆయన మంగఫ్‌లో ఉండేవాడు. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాం చూసుకోవాలంటే ఆ బస్సులే మాకు దిక్కు. మనవాళ్ళు చాలామంది అందుకే వచ్చేవాళ్ళు. అన్నాచెల్లెళ్ళు కలుసుకునేవాళ్ళు, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు, ఊరి గొడవలు అక్కడికి కూడా తెచ్చి పోట్లాడుకునేవాళ్ళు. ముందు టీ గ్లాసు ఉన్నంతసేపూ ఎవరూ లేపరు. అందుకని అడుగున ఒక గుక్క వదిలేసి సాయంత్రం దాకా కూర్చోవడం మాకందరికీ అలవాటు. ఆ చల్లారిన గుక్కకు కాపలా కాయడంలో పెద్దమ్మను మించినవాళ్ళు లేరు.

ఆమె నాకు తోడుగా వస్తోందని మామా అనుకునేది. నిజానికి ఆమె మొగుణ్ణి వెతుక్కోవడానికి వచ్చేది. ఆయన చాలా ముందే కువైత్ వచ్చి, డ్రైవరుగా చేరి, కొన్నాళ్ళకు ఉత్తరాలు మానేశాడు. పోయాడో, ఇంకో సంసారం పెట్టాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. రాయచోటి మనిషి ఎవరో ఆయన్ని ఈ కాసినోలో చూశానన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని, కూతుర్ని తల్లి దగ్గర వదిలి, ఆమె వంటపనికి వచ్చేసింది. ఎప్పుడూ తలుపుకు ఎదురుగానే కూర్చునేది. దొరికితే ఏం చేస్తావని మా ఆయన ఆట పట్టించేవాడు. ఒక వారం చెప్పుతో కొడతానంది, ఇంకో వారం అన్నం పెడతానంది. "ముందు కనపడనీ అల్లుడా. కనపడినాక నోటికేమొస్తే అది," అంది ఒకసారి.

తొంభై ఆగస్టులో ఒక గురువారం తెల్లవారుజామున పేలుళ్ళ చప్పుడుకు లేచాం. ఇరాక్ సైన్యం వచ్చిందని మామా చెప్పింది గానీ, చెప్పే తీరు చూస్తే ఆమెకే నమ్మకం లేదు. ఆమె భర్త వేసవికని వేరే దేశం వెళ్ళి అక్కడే ఉన్నాడు. ఎవరు ఎవరి మీదికి వచ్చారో, ఎన్నాళ్ళుంటారో, మేం ఎవరి వైపో మాకేం తెలుసు? పక్కింటి ఫిలిప్పీన్ అమ్మాయి ఒకటి చెప్పింది, ఎదురింటి తోటమాలి ఇంకొకటి చెప్పాడు. రెండూ తప్పేనని తర్వాత తెలిసింది.

మర్నాడు శుక్రవారం. ఇప్పుడు చెప్తే మీరు నవ్వుతారు. మేం తలస్నానం చేసి, పౌడరు రాసుకుని, కాసినో బస్సు కోసం వీధి చివర నిలబడ్డాం. యుద్ధం వస్తే శుక్రవారం బస్సు రాదని మాకు ఎవరూ చెప్పలేదు. మా వెనకే ఇంకొందరు పనివాళ్ళు కూడా ఇస్త్రీ బట్టల్లో తయారై వచ్చారు. మా ఆయన బతికున్నాడో లేదో నాకు తెలియాలి. మంగఫ్ క్వార్టర్లలో ఫోను లేదు. నన్ను వెతకాలన్నా ఆయనకు తెలిసిన చోటు అదొక్కటే. బయలుదేరేటప్పుడు మామా ఫోను పట్టుకుని ఏడుస్తూ మా వైపు చెయ్యి ఊపింది. పొమ్మందో వద్దందో మేం తేల్చుకోలేదు.

బస్సు వచ్చింది. ఈజిప్టు డ్రైవరు తలుపు తీసి, కాసినోకేనా అని మమ్మల్నే అడిగాడు. అతనికీ ఎవరూ వద్దని చెప్పలేదట. దారిలో సైనికులు ఆపారు. ఎక్కడికంటే డ్రైవరు కాసినో అన్నాడు. లోపలికి ఎక్కిన సైనికుడు మా పౌడరు మొహాలు చూసి, ఏమనాలో తోచక, నీళ్ళడిగి తాగి దిగిపోయాడు.

హాల్లో ఏసీ తిరుగుతోంది, టీ కాచేవాడు టీ కాస్తున్నాడు, అద్దాల అవతల రోడ్డు మీద ట్యాంకులు నిలబడి ఉన్నాయి. మంగఫ్ బస్సు రాలేదు. వస్తుందో రాదో చెప్పేవాళ్ళు లేరు. డ్రైవరు తమ్ముడు కూడా మంగఫ్‌లోనే ఉంటాడట. అక్కడికి పోయి వాణ్ణి చూసుకుని మళ్ళీ ఇటే వస్తానన్నాడు. నేనూ ఎక్కుతానన్నాను. నువ్వు కూడా రమ్మని పెద్దమ్మ చెయ్యి పట్టి లాగాను. ఒంటరిగా పోవాలంటే నాకు భయం.

"నువ్వు పో. నేను ఈడ్నే కూచుంటా," అంది. "ఇద్దరం కదిలితే ముగ్గురమూ తప్పిపోతాం పాపా. అల్లుడొస్తే నేను కదలనీను."

మంగఫ్‌లో మా ఆయన గదికి తాళం. పక్క గది అతను, నీళ్ళ ట్యాంకర్ ఎక్కి ఎప్పుడో పోయాడన్నాడు. అర్దియాకా కాసినోకా అంటే ముందు అటన్నాడు, తర్వాత ఇటన్నాడు. తిరుగు బస్సులో నేను మా ఆయన కోసం ఏడ్చాను, గదిలో పడి ఉండనందుకు ఆయన్నే తిట్టాను. డ్రైవరు తమ్ముడు బస్సులోనే ఉన్నాడు, దొరికినందుకు నవ్వుతూ. వాడి నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

హాలు తలుపు తోసేసరికి ఎదురుగా పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన మా ఆయన. ఆయన చొక్కా అంచు ఆమె పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. నేను మంగఫ్ పోయానని తెలిసి ఆయన లేచినప్పుడల్లా ఆమె లాగి కూర్చోబెట్టిందట. చొక్కాకు చంక కింద కుట్లు ఊడిపోయాయి. "చినిగితే చినగనీలే అని పట్టుకున్యా," అంది, కుట్టించి ఇవ్వాల్సి వస్తుందేమోనన్నట్టు. ఆ పిడికిలి మీద నేను తల పెట్టి ఏడ్చాను. నా సంసారం ఆ రోజు ఆమె చేతిలోనే నిలబడింది. ఈ మాట అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

తర్వాత కొన్ని వారాలు ఎలా గడిచాయో వరసగా గుర్తులేదు. మన దేశస్థుల్ని బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయికి పంపిస్తున్నారని తెలిసింది. మా వంతు వచ్చిన రోజు పెద్దమ్మ కూడా మాతో బస్సుల దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో మూట లేదని నేను గమనించలేదు. మేం ఎక్కి కూర్చున్నాక చూస్తే, ఆమె కింద డ్రమ్ములో నీళ్ళు ముంచి కిటికీల్లోంచి అందరికీ అందిస్తోంది. ఎక్కు పెద్దమ్మా అని బతిమాలాను.

"కువైత్‌లో ఉండే మన మనిషి ఎవుడైనా ఈ బస్సే ఎక్కల్ల," అంది. "ఇన్నాళ్ళూ తలుపు కాడ కూచుంటి. ఇప్పుడు అందరూ నా ముందర్నే పోతారు గదా."

బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపాను. ఆమె అప్పటికే వెనక బస్సు వరసలో మొహాలు చూసుకుంటూ పోతోంది.

కొన్ని నెలల తర్వాత ఆమె ఒంటరిగా ఊరు చేరింది. ఆయన కనపడలేదని కూతురికి చెప్పింది, అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది. రాయచోటి పోయినప్పుడల్లా నేను ఆమెను చూసి వచ్చేదాన్ని. ఆ సంగతి నేనూ ఎత్తేదాన్ని కాదు. కిందటేడు పోయినప్పుడు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ సాయం పట్టాను. అడగకుండానే చెప్పింది.

"ఆయప్ప కనపడినాడు పాపా. కిటికీ పక్కన కూచోనుండె. నేను దుమ్ముకు మొగానికి గుడ్డ కట్టుకోనుంటి. నీళ్ళు ఇస్తి. తాగినాడు. గుర్తుపట్టలా."

ఎందుకు పిలవలేదంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"పిలిస్తే దిగుతాడు. దిగితే సీటు పోతాది. మళ్ళా బస్సు ఉంటాదో లేదో యెవురికి తెలుసు?"

మరి ఆ బస్సెక్కి బయటపడినవాడు రాయచోటికి ఎందుకు రాలేదు? పక్కన ఎవరైనా ఆడమనిషి కూర్చుని ఉందా? అడిగితే వినపడనట్టు చిక్కుళ్ళు ఒలుచుకుంది. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి, "ఆయప్ప కాదులే పాపా, ఎవురో," అంది. ఏది నిజమో నాకు తెలియలేదు. ఇక అడగడానికి ఆమె లేదు. రేపు రాయచోటి పోతే కూతురికి ఇది చెప్పాలా వద్దా అన్నది కూడా నాకు తేలడం లేదు.

కళ్ళు మూస్తే నేను చూడని ఆ బస్సే కనపడుతోంది. కిటికీలో ఎవరో మనిషి మగ్గెత్తి గటగటా తాగుతున్నాడు. కింద మొహానికి గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి చెయ్యి చాచి నిలబడి ఉంది. అతను మగ్గు తిరిగి ఇచ్చాడు. ఆమె తీసుకుని, డ్రమ్ములో ముంచి, పక్క కిటికీకి అందించింది.