మావయ్యకిచ్చిన సీసా

మా మేనమామకు షుగరు వచ్చిన కొత్తలో ఆయన భయపడింది జబ్బుకు కాదు, డాక్టరు గారు ఎండు రొయ్యలు మానమంటారని. ఆయనది దివిసీమ. మూడు నెలలకోసారి నాకో పొట్లం ఎండు రొయ్యలు పట్టుకుని బస్సులో బందరు వచ్చేవాడు. అక్కడి గిలకలదిండి చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉన్న నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేవాడు. మూత్రపరీక్ష ఆయన లెక్కలో పదో తరగతి పరీక్షే. ఎలాగోలా గట్టెక్కాలి.

ఓసారి ఆసుపత్రి మరుగుదొడ్డి దగ్గర ఖాళీ సీసా నా చేతిలో పెట్టాడు.

“ఒరేయ్, నీదివ్వరా. ముప్పై ఏళ్ళ వాడివి, గుండ్రాయిలా ఉన్నావ్. నీది చూస్తే డాక్టరు గారు నోరెత్తరు.”

సిగ్గులేకుండా ఒప్పుకున్నాను. పైగా గర్వపడ్డాను. నాకు జబ్బేమిటి? రోజూ తలనొప్పి వచ్చేది, రోజూ మందుల షాపులో కొన్న నొప్పి మాత్ర టీతో మింగేవాణ్ణి. చేపల వేలంపాట గోలలో బతికేవాడికి ఆ మాత్రం తలనొప్పి ఉండదా అనుకునేవాణ్ణి.

గంట తర్వాత డాక్టరు గారు కాగితం చూసి మావయ్యను ఉతికి ఆరేశారు.

“ఏమండీ, ఇంత ప్రోటీన్ పోతోంది! షుగరు అదుపులో లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయని ఎన్నిసార్లు చెప్పాను? ఉప్పు తగ్గించారా? ఎండు రొయ్యలు మానారా?”

చేయని తప్పుకు తిట్లు తినడం మావయ్య వల్ల కాలేదు.

“అది నాది కాదండీ! వీడిది!”

నాకు నవ్వొచ్చింది. డాక్టరు గారు నవ్వలేదు, తిట్టనూ లేదు. నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు, మళ్ళీ చూశారు. తలనొప్పి సంగతి, మాత్రల సంగతి అడిగారు.

“బీపీ ఎప్పుడూ చూపించుకోలేదా? కిడ్నీ పాడవుతుంటే నొప్పి తెలీదు బాబూ, అందుకే ఈ పరీక్షలు. ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు, ఇవాళే ఆపెయ్యండి.”

నాకు భయమేసింది. ఆ తర్వాత మావయ్య తనది ఇచ్చి పరీక్ష చేయిస్తే ఏ దోషమూ లేదని వచ్చింది. ఆయన దానికి సంతోషించనైనా లేదు.

బీపీ మందు మొదలుపెట్టాను, పచ్చళ్ళు మానేశాను. నెల తర్వాత నాకు మళ్ళీ పరీక్ష. పిలవకుండానే మావయ్య బస్సు దిగాడు. రొయ్యల పొట్లం లేకుండా రావడం అదే మొదటిసారి. మరుగుదొడ్డి దగ్గర ఈసారి నిండు సీసా నా చేతిలో పెట్టబోయాడు.

“నాది ఇచ్చెయ్‌రా. నీకేం లేదని రాస్తారు.”

అరవై ఏళ్ళ మనిషి కళ్ళ నిండా నీళ్ళు. తీసుకోవాలని నాకూ అనిపించింది.

“వద్దులే మావయ్యా,” అని ఖాళీ సీసా పట్టుకుని లోపలికి వెళ్ళాను.