గుర్రపుడెక్కకు టీసీ

జక్రయ్య మాస్టారికి కనిపించినదానికల్లా హాజరు వేసే జబ్బుంది. రిటైరైనా రిజిస్టరు చంక దిగలేదు. చీరాల బస్సెక్కితే సీట్ల వరసన పేర్లు పిలిచేవాడు. ఒకసారి సమాధి దగ్గర పోయినాయన పేరే పిలిస్తే, పాస్టరుగారు "ఆయన పై తరగతికి వెళ్లారండీ" అని సర్దిచెప్పాల్సొచ్చింది.

పొద్దున్నే చెరువుకి హాజరు.

"కలువ?"

"ఉందండీ," అనేది ఎలీసమ్మ, మోకాలిలోతు నీళ్లలోంచి.

"కొరమీను?"

"ఇప్పుడే తోక కొట్టింది మాస్టారూ!"

"తామర?"

"నా బుట్టలో ఉందండీ!"

ఆ తామరాకులు వేటపాలెం పూలకొట్లకు వేస్తేనే ఆమె పొయ్యి వెలిగేది.

2001 ఈస్టరుకి ఎలీసమ్మ కాలవలోంచి ఊదాపూల మొక్కలు నాలుగు తెచ్చి చర్చి అలంకరించింది. పండగయ్యాక పారేయడానికి మనసొప్పక చెరువులో వదిలింది. అదే గుర్రపుడెక్క. ఏడాది తిరిగేసరికి ఒక కోడి చెరువుమీదుగా నడిచి, అవతలి గట్టున గుడ్డు పెట్టి వచ్చింది. కింద ఎండ సోకక కలువ పోయింది. గాలాడక కొరమీను పోయింది. తామర జాడే లేదు. ఎలీసమ్మ బుట్ట ఖాళీ.

"ఎవరు తెచ్చారు దీన్ని?" గేదెలకు నీళ్లు లేని వీరాంజనేయులు గట్టెక్కి అరిచాడు. "మాస్టారూ, మీ రిజిస్టర్లో ఉంటుందిగా, చదవండి!"

ఎలీసమ్మ జనం వెనక్కి జరిగింది. ఆమె మొక్కలు వదిలిన రోజు గట్టుమీదున్నది మాస్టారొక్కడే. పేరు బయటపడితే ఊళ్లో తలెత్తుకోలేదు.

మాస్టారు తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"గుర్రపుడెక్క. చేర్పించినవారు... జక్రయ్య."

"మీకేం పోయేకాలమండీ!"

"పువ్వు బాగుందిరా! అడ్మిషను నేనిచ్చా, టీసీ మీరివ్వండి. నా దగ్గర చదివినోళ్లంతా దిగండి. వీరాంజనేయులూ, పదమూడో ఎక్కం ఇంకా అప్పజెప్పలేదు, ముందు నువ్వు దిగు!"

నెలరోజులు ఊరంతా ఆయన్ని తిడుతూ పీకింది. గట్టున ఎండేసిన ప్రతి మోపుకీ ఆయన "టీసీ" అని టిక్కు పెట్టాడు. అందరికంటే ముందు దిగి, ఆఖరున గట్టెక్కింది ఎలీసమ్మే.

తొలకరి పడ్డాక ఒకరోజు, మాస్టారు చుట్ట ముట్టించుకుంటుంటే ఆమె రిజిస్టరు తిరగేసింది. మూడో తరగతిలో ఆయన నేర్పిన అక్షరాలే కదా, కూడబలుక్కుని చదివింది. చేర్పించినవారు: ఎలీసమ్మ.

"మాస్టారూ, ఇక్కడ నా పేరుందేంటండీ?"

"రాసేది అబద్ధం రాయకూడదమ్మా. చదివేటప్పుడంటావా, కళ్లజోడు పాతది." ఆయన రిజిస్టరు లాక్కున్నాడు. "తామర?"

ఎలీసమ్మ కళ్లు తుడుచుకుని నీళ్లకేసి చూసింది. చుట్టచుట్టుకున్న లేతాకు ఒకటి తల పైకి పెట్టింది.

"వచ్చిందండీ!"

"ఏడాది ఎగ్గొట్టి ఇప్పుడా రావడం? బెంచీ ఎక్కించు!"